నగారా పలకని ఆజ్ఞ

తామ్రవతీ నది ఒడ్డున పొద్దు పొడిచేసరికి మరకతగిరి సైన్యం లక్షమందితో యుద్ధానికి సిద్ధమై నిలిచింది. లేత ఎండ ఇనుప టోపీల మీద పడి తళతళలాడుతుంటే మైదానమంతా ఎవరో నిప్పుకణికలు చల్లినట్టుంది. ముందు బారులు తీరిన కాల్బలం. ఇరుపక్కలా గిట్టలతో నేల గీరుతున్న గుర్రాలు. వెనుక దంతాలకు ఉక్కు తొడుగులు వేసుకుని, తొండాలలో ఇనుప గొలుసులు ఊపుతున్న మూడు వందల ఏనుగులు. వాటన్నిటికీ వెనుక, గుట్ట మీద, సర్వసేనాని గొంకదేవుడి తెల్లటి డేరా. డేరా ముందు మహానగారా. దాన్ని కదిలించాలంటే రెండు ఏనుగులు కావాలి. అది మోగితే నదికి అవతల ఉన్న పిట్టలు కూడా గూళ్ళు వదిలి లేస్తాయి.

ఇంత జనాన్ని ఒక్క మనిషి ఎలా నడుపుతాడా అని కొత్తగా చేరినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారు. మరకతగిరి పద్ధతి తేలికైనదే. పదిమందికి ఒక గుడారం, ఒక అన్నపు కుండ, ఒక పెద్ద. అలాంటి పది గుడారాల మీద శతనాయకుడు, అతని చేతిలో ఒక జెండా. పదిమంది శతనాయకుల మీద సహస్రనాయకుడు, అతని వెంట ఒక చిన్న నగారా. ఇరవై అయిదు వేలమందికి ఒక దళవాయి. నలుగురు దళవాయిల మీద గొంకదేవుడు. ఆయన ఆజ్ఞను ముద్ర పట్టుకున్న రౌతు గుర్రం మీద దళవాయికి చేరుస్తాడు. అదే సమయాన గుట్ట మీది మహానగారా ఆ ఆజ్ఞనే మోగించి, నిజమేనని చాటుతుంది. అక్కడినుంచి ఆ మాట వేలకు, వందలకు, పదులకు దిగిపోతుంది. "ఆజ్ఞ మెట్లు దిగి రావాలి, గోడ దూకి రాకూడదు" అని ప్రతి బంటుకూ మొదటిరోజే నేర్పుతారు.

కుడి దళంలో, నది రేవును కాస్తున్న వెయ్యిమందిలో, మాదన ఒక శతనాయకుడు. పుట్టుకతో కమ్మరి. నిరుడు ధూమ్రదుర్గం గోడ మీదికి మొదటి నిచ్చెన వేసి ఎక్కినందుకు అతని చేతికి జెండా వచ్చింది. కత్తి కంటే గండ్రగొడ్డలే అతనికి అలవాటు.

పొద్దు బారెడు ఎక్కింది. అవతలి గట్టున కొమ్ములు భోరుమన్నాయి. తోడేలు తోళ్ళు కప్పుకున్న ధూమ్రదుర్గం సైనికులు పళ్ళ సందున కత్తులు కరుచుకుని మొలలోతు నీళ్ళలోకి దూకారు.

"ఎవడూ కదలొద్దు! నీళ్ళల్లో ఉన్నంతసేపే వాడికి కాళ్ళాడవు. గట్టెక్కనిచ్చామా, మనకాడవు!" అని అరిచాడు మాదన.

మొదటి వరస ఈటెలు శత్రువుల గొంతుల్లో దిగాయి. పడ్డవాళ్ళ మీద కాళ్ళు పెట్టి వెనుకవాళ్ళు ఎక్కివచ్చారు. గొడ్డళ్ళు లేచాయి, పడ్డాయి. ఎముకలు పుటుక్కుమంటున్న చప్పుడు కట్టెలు చీల్చినట్టు వినవచ్చింది. ఒకడు తెగిన చేత్తోనే మాదన మెడ వాటేసుకుని నీళ్ళలోకి లాగాడు. మాదన వాడి ముక్కు మీద టోపీతో మొత్తి, తల నీళ్ళలో అదిమిపట్టి, బుడగలు ఆగాక లేచాడు. రేవులో నీళ్ళు కుంకుమ కలిపినట్టు ఎర్రబారాయి. గడియ తిరిగేసరికి సహస్రనాయకుడు అయ్యపదేవుడు కంట్లో బాణం దిగి, జీను మీదనుంచి తలకిందులుగా పడిపోయాడు.

శతనాయకులలో బతికి ఉన్నది నలుగురే. వాళ్ళలో ముందుగా జెండా పట్టినవాడు మాదన. కాబట్టి ఎవరూ అడగకుండానే, ఎవరూ చెప్పకుండానే, ఆ వెయ్యిమందీ అతని వాళ్ళయ్యారు. చిన్న నగారా మోసేవాడు వచ్చి అతని వెనుక నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఎర్ర అంగీ తొడుక్కున్న ముద్రరౌతు ఒకడు గుర్రాన్ని నురగలు కక్కిస్తూ వచ్చాడు.

"రేవు విడిచిపెట్టండి! గద్దముక్కు గండిలోంచి చుట్టుతిరిగి శత్రువు వెన్ను విరవాలి. మీ దళవాయి మూడువేల మందితో అప్పుడే గండిలో దిగాడు. మిగతా దళమంతా వెనకే పోతోంది. మీరే ఇక్కడ చతికిలబడ్డారు!"

మాదన కళ్ళ మీదికి కారుతున్న నెత్తురు తుడుచుకున్నాడు.

"రేవు విడిస్తే వీళ్ళు తిన్నగా మన ఏనుగుల వీపున తేలతారు. ఆ గండి నాకు తెలుసు, రౌతన్నా. ముగ్గురు పక్కపక్కన నడవలేరు. పైనుంచి నాలుగు బండలు దొర్లిస్తే లోపలున్నవాళ్ళందరికీ అదే గొయ్యి."

"ఆజ్ఞ వచ్చాక ఆలోచన ఏమిటి? ఇదిగో ముద్ర!"

ముద్ర సర్వసేనానిదే. ఖడ్గమృగం బొమ్మ, దాని కొమ్ము కింద చిన్న గాటు. అందులో అనుమానం లేదు.

"మరి నగారా ఏదీ?"

"తోలు చిరిగింది."

మరకతగిరి సైన్యంలో వెయ్యిమంది మీద ఉన్నవాడికి ఒక హక్కు ఉంది. ఆజ్ఞ నమ్మశక్యంగా లేనప్పుడు ఒక్కసారి మారు అడగవచ్చు. రెండోసారి అడిగితే తల పోతుంది. మాదన చెయ్యెత్తాడు. చిన్న నగారా గబగబా మోగి గుట్టను అడిగింది. అందరూ చెవులు రిక్కించారు. గుట్ట మీదనుంచి బదులు లేదు. తోలు చిరిగితే కొమ్మైనా ఊదాలి. అదీ లేదు.

"చూశావుగా! ఇక కదలండి" అంటూ రౌతు గుర్రాన్ని వెనక్కి తిప్పాడు.

అప్పుడు కనిపించింది మాదనకు. ఎర్ర అంగీ వీపున, సరిగ్గా వెన్నెముక దగ్గర, బెత్తెడు చిరుగు. దాని చుట్టూ తడి ఆరని నెత్తురు.

"రౌతన్నా! వీపున అంత ఈటెపోటు ఎప్పుడు తగిలింది?"

"ఏం పోటు? నాకేం తగల్లేదే!"

"అదే నేననేదీను. అంగీకి తగిలింది, నీకు తగల్లేదు."

రౌతు మొహం పాలిపోయింది. మరుక్షణం వాడి చేతిలో వంకర కత్తి మెరిసింది. మాదన వంగాడు. కత్తి అతని టోపీ అంచు చెక్కుకుంటూ పోయింది. వంగినవాడు వంగినట్టే గుర్రం పొట్ట కింద దూరి అవతలికి తేలి, గొడ్డలిని కిందినుంచి పైకి విసిరాడు. అది రౌతు చంకలో దిగి మెడ దగ్గర ఆగింది. వాడు కెవ్వుమనడానికి కూడా వ్యవధి లేకపోయింది.

శతనాయకుడు బుక్కన పరుగున వచ్చి శవం రొమ్ము మీద అంగీ పక్కకు తొలగించాడు. అక్కడ రెక్కలు విప్పిన గుడ్లగూబ పచ్చబొట్టు ఉంది.

"ఓరి దేవుడో! ఘూకాక్షుడి మనుషులు!" అన్నాడు బుక్కన.

ఘూకాక్షుడు ధూమ్రదుర్గపు రాజుకు మాంత్రికుడు. వాడి పేరు వింటే ఏనుగులు తోలేవాళ్ళు కూడా తాయెత్తులు తడుముకుంటారు.

"వీడి చేతికి మన ముద్ర వచ్చిందంటే గుట్ట మీద ఏదో ఘోరం జరిగింది" అన్నాడు మాదన, రౌతు అంగీ విప్పి తాను తొడుక్కుంటూ. "బుక్కా, నేను పోతున్నాను. వెయ్యిమందీ నీ చేతిలో ఉన్నారు. నగారా పలికేదాకా రేవు విడవకు. ఎవడొచ్చి చెప్పినా సరే."

"చోటు వదిలిన నాయకుడికి శిక్షేమిటో తెలుసుగా?"

"తెలుసు."

"నువ్వే తిరిగొచ్చి రేవు వదలమన్నా?"

"నేనొచ్చి చెప్పినా సరే, వదలొద్దు."

ఎర్ర అంగీలో, చచ్చినవాడి గుర్రం మీద, మాదన గాలిలా దూసుకుపోయాడు. దారిలో గద్దముక్కు గండి తగిలింది. రెండు కొండల నడుమ కత్తితో కోసినట్టున్న ఆ సందులోంచి నల్లటి పొగ లేస్తోంది. మరుగుతున్న నూనె వాసన, కాలిన వెంట్రుకల వాసన కలిసి ముక్కులు అదరగొట్టాయి. లోపలినుంచి వేల గొంతులు ఒక్కటై కేకలు పెడుతున్నాయి. అయినా గండి ముఖాన కుడి దళం ఇంకా బారులు తీరి, ఒకరి వెనుక ఒకరు, తోలు చిరిగిందన్న మాట నమ్మి, ముద్రకు తలవంచి లోపలికి పోతూనే ఉంది.

"ఆగండి!" అని అరవబోయి మాదన నోరు మూసుకున్నాడు. ఒక రౌతు అరిస్తే ఇరవై వేలమంది ఆగరు. ఆగకూడదు కూడా. వాళ్ళను ఆపగలిగింది గుట్ట ఒక్కటే.

గుట్ట మీద పన్నెండుగురు ఎర్ర అంగీలవాళ్ళు కాపలా ఉన్నారు. ఒక్క మొహం కూడా మాదన ఎరిగినది కాదు. డేరా వెనుక గోనెపట్టాలు కప్పిన కుప్ప ఒకటి ఉంది. పట్టాల కిందనుంచి మనుషుల పాదాలు బయటికి కనిపిస్తున్నాయి.

డేరా ముందు పులితోలు పరిచిన ఆసనం మీద సర్వసేనాని గొంకదేవుడు కూర్చుని ఉన్నాడు. అదే వెడల్పాటి రొమ్ము, అవే గుబురు మీసాలు, అదే బంగారు పట్టెడ కవచం. మాదన గుండె ఒక్కక్షణం కుదుటపడింది. అంతలో ఒక ఈగ వచ్చి సేనాని కింది పెదవి మీద వాలింది. అక్కడినుంచి కంటి కొసకు పాకింది. ఆయన దాన్ని తోలుకోలేదు. రెప్ప కూడా వేయలేదు.

"పని అయిందా?" అన్నాడు గొంకదేవుడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"అయింది ప్రభూ" అన్నాడు మాదన, తల వంచి మొహం దాచుకుంటూ.

"ఈసారి ఏనుగుల దళం దగ్గరికి పో. దళవాయి నాగసానితో చెప్పు, కుడి దళం శత్రువుతో చేతులు కలిపిందని. మూడు వందల ఏనుగుల్నీ వాళ్ళ మీదికి తోలాలి. ఒక్కడూ మిగలకూడదు."

సొంత ఏనుగుల కింద సొంత మనుషులు! మాదన ముద్ర అందుకుని, వెనక్కి అడుగులు వేసి, గుర్రం దగ్గరికి పోతున్నట్టుగా మహానగారా చాటుకు వచ్చాడు. అక్కడ అతని కాలి మడమను ఎవరో పట్టుకున్నారు.

నగారా కింద భేరి సింగన పడి ఉన్నాడు. నలభై ఏళ్ళుగా మరకతగిరి సైన్యానికి నగారా మోగించిన వృద్ధుడు. కడుపు చీలి ఉంది. దాన్ని ఒక చేత్తో మూసి పట్టుకున్నాడు.

"నాయనా, నువ్వు మనవాడివేనా?" అన్నాడు లోగొంతుతో. "అది మన సేనాని కాదు. వేకువన ఆయన పూజలో ఉండగా మెడకు తాడు వేసి చంపారు. ఆ మాంత్రికుడు ఆయన ఒంట్లో దూరాడు. ఆజ్ఞ మోగించమన్నాడు. ఇవాళ్టి గుర్తుమాట చెప్పమన్నాను... ఒళ్ళు దొంగిలించాడు గానీ, మనసులో మాట దొంగిలించలేకపోయాడు. అందుకే నన్ను పొడిచాడు."

"తాతా, గుర్తుమాట చెప్పు. ఆజ్ఞ నేను మోగిస్తాను."

"నీకు రాదు నాయనా. ఆ పలుకులు నేర్వడానికే పన్నెండేళ్ళు పడుతుంది." ముసలివాడి కళ్ళు మూతలు పడుతున్నాయి. "ఒక్కటి మాత్రం నీకూ వచ్చు. అందరికీ వచ్చు. కొట్టు."

అవును. ఒక్క పలుకు లక్షమందికీ వచ్చు. రెండు దెబ్బలు, ఒక మౌనం, మళ్ళీ ఒక్క దెబ్బ. సర్వసేనాని పడిపోయాడని దాని అర్థం. అది వినగానే పాత ఆజ్ఞలన్నీ రద్దవుతాయి. దళవాయిలలో పెద్ద ఎవరో వారే ఆ క్షణం నుంచి సేనాని. సేనాని బతికి ఉండగా ఆ పలుకు మోగించినవాణ్ణి ఏనుగు కాళ్ళ కింద వేస్తారు.

మాదన గదల్లాంటి నగారా కర్రలు రెండు చేతులా ఎత్తాడు.

ధణ్! ధణ్!

కొండలు ప్రతిధ్వనించాయి. రేవులో ఎత్తిన కత్తులు ఎత్తినట్టే ఆగాయి. గండి ముఖాన బారులు నిలిచిపోయాయి. లక్షమంది ఊపిరి బిగబట్టి ఆ మౌనాన్ని విన్నారు.

ధణ్!

"పట్టుకోండి వాణ్ణి!" అని గొంకదేవుడి గొంతుతో గుడ్లగూబ కూత వంటి అరుపు వినిపించింది.

పన్నెండుగురూ ఒక్కుమ్మడిగా మీదపడ్డారు. మాదన నగారాకు వీపు ఆనించి నిలబడ్డాడు. మొదటివాడి దవడ కర్ర దెబ్బకు పగిలి పళ్ళు చింతగింజల్లా రాలాయి. రెండోవాడి కత్తి నగారా తోలులో దిగి చిక్కుకుంది. దాన్ని లాక్కునేలోపు గొడ్డలి వాడి మణికట్టును, ఆ వెంటనే నుదుటిని పలకరించింది. మూడోవాడు ఈటెతో మాదన తొడ చీల్చాడు. మాదన ఆ ఈటె కర్రనే పట్టుకుని లాగి, ముందుకు తూలినవాడి మెడ మోచేతితో విరిచాడు. నలుగురు పడ్డారు. అయిదోవాడు పడ్డాడు. ఎడమ భుజం మీద ఒక వేటు, పక్కటెముకల మీద ఒక పోటు. కాళ్ళకింద నెత్తురు జారుతోంది. మిగిలిన ఏడుగురూ చుట్టూ చేరి వలయం బిగిస్తున్నారు.

అంతలో నేల అదిరింది. గుట్ట ఎక్కివచ్చిన ఒక మదపుటేనుగు ఆ వలయంలోకి తొండం విసిరింది. గొలుసు దెబ్బకు ఇద్దరు బొంగరాల్లా గిర్రున తిరిగి లోయలో పడ్డారు. మరొకడు దాని పాదం కింద చప్పుడు లేకుండా చదునైపోయాడు. మిగిలిన నలుగురూ పారిపోబోతే ఏనుగు వెంట వచ్చిన బల్లెగాళ్ళు వాళ్ళను నేలకు గుచ్చేశారు.

అంబారీ మీద దళవాయి నాగసాని నిలబడి ఉంది. యాభై ఏళ్ళ మనిషి. నెరిసిన జుట్టు ఇనుప టోపీ కింద ముడి వేసుకుంది. చెంప మీద పాత కత్తిగాటు. గొంకదేవుడికి స్వయానా చెల్లెలు. నలుగురు దళవాయిలలో పెద్దది ఆమే.

అన్న చావు నగారా విని వచ్చిన ఆమె, ఎదురుగా అన్న నిలబడి ఉండడం చూసింది. ముందు ఆమె మొహం వెలిగింది. తరువాత మండింది. ఈటె మాదన వైపు తిరిగింది.

"ఎవడ్రా నువ్వు? మా అన్న నిలువెత్తున నిలబడి ఉండగా చావు నగారా మోగిస్తావా?"

"చెల్లీ, వాడు ద్రోహి" అన్నాడు గొంకదేవుడు. "ఇక్కడే నీ ఏనుగు కాళ్ళ కింద వెయ్యి."

నాగసాని ఈటె ఆగింది. ఆమె కళ్ళు చిట్లించి అన్న వైపు చూసింది.

"అమ్మా!" అన్నాడు మాదన రొప్పుతూ. "ఆయన ఒంట్లో నెత్తురు లేదు. మెడ చూడండి, తాడు గుర్తు ఉంటుంది. నా మాట అబద్ధమైతే మీ ఏనుగు దాకా ఎందుకు, నేనే వచ్చి దాని కాళ్ళ కింద పడుకుంటాను!"

గొంకదేవుడు కత్తి దూసి మాదన మీదికి దూకాడు. ఆ వేటు తప్పించుకుంటూ మాదన గొడ్డలి విసిరాడు. సేనాని కుడి చెయ్యి మోచేతి దగ్గర తెగి, కత్తితో సహా నేల మీద పడింది. బల్లెగాళ్ళు హాహాకారాలు చేశారు. తెగిన చోట ఒక్క బొట్టు నెత్తురు లేదు. బూడిద రంగు మాంసం, కొయ్యను నరికినట్టు. తెగిన చేతిని సేనాని ఒకసారి చూసి, ఏదో పనిముట్టు జారిపడ్డట్టు, ఎడమ చేత్తో కత్తిని తీసుకోబోయాడు.

నాగసాని అంబారీ దిగింది.

"మా అన్న నన్ను ఏనాడూ చెల్లీ అనలేదురా. నాగీ అనేవాడు. చిన్నప్పుడు ఈటె పట్టడం నేర్పినప్పుడూ అదే పిలుపు. నిన్న అన్నం దగ్గరా అదే పిలుపు."

"చెల్లీ..."

"ఆ నోటితో పలకకు!"

ఆమె రెండు చేతులా ఈటె బిగించి, అన్న నేర్పినట్టే, కవచం అతుకుల సందున గుండెలోకి దించింది. గొంకదేవుడి దేహం వెల్లకిలా పడింది. నోరు తెరుచుకుంది. ఆ నోట్లోంచి పిల్లి పిల్లంత గుడ్లగూబ ఒకటి, జిగటగా, రెక్కలు విదిలించుకుంటూ బయటికి వచ్చింది. పట్టపగటి ఎండకు దాని కళ్ళు మూసుకుపోయాయి. గుడ్డిగా డేరా స్తంభానికి కొట్టుకుని, తూలుతూ, గద్దముక్కు గండి వైపు ఎగిరిపోయింది.

నాగసాని అన్న తల ఒళ్ళోకి తీసుకుని రెప్పలు మూసింది. అంతే. కన్నీళ్ళకు అంతకంటే వ్యవధి లేదు. లేచి నిలబడేసరికి ఆమె గొంతు మారిపోయింది.

"భేరి సింగన ఉన్నాడా?"

"ఉన్నాను తల్లీ" అన్నాడు నగారా కిందనుంచి ముసలివాడు. "ఎక్కువసేపు ఉండను. త్వరగా చెప్పు."

ఇద్దరు బల్లెగాళ్ళు అతన్ని ఎత్తి నిలబెట్టారు. నాగసాని చెవిలో చెబుతుంటే, అతను చీలిన కడుపును గుడ్డతో బిగించుకుని, చిరిగిన తోలు మీదనే వేళ్ళతో, మోచేతులతో, కర్రలతో మోగించాడు. గుట్ట మీద పుట్టిన ఆ మోత మైదానంలోకి దిగింది. నలుగురు దళవాయిల కొమ్ములు దాన్ని అందుకున్నాయి. చనిపోయిన కుడి దళవాయి చోట ఉపనాయకుడి కొమ్ము పలికింది. తరువాత వంద చిన్న నగారాలు. ఆ తరువాత వెయ్యి జెండాలు, గాలికి తిరిగిన పైరులా, ఒకే దిక్కుకు వాలాయి. చివరికి పదేసిమంది పెద్దలు తమ తొమ్మండుగురినీ పేరు పెట్టి కేక వేయడం వినవచ్చింది. గండిలోకి పోతున్న దళం వెన్ను తిప్పి రేవుకు పరుగెత్తింది. ఏనుగులు రెండుగా చీలి దారి ఇచ్చాయి. ఎడమ గుర్రపుదళం నదిని పైన దాటింది.

రేవులో బుక్కన దగ్గర వెయ్యిలో మూడువందలమందే మిగిలారు. శవాలనే గోడగా పేర్చుకుని ఒక్క అడుగు వెనక్కి వేయకుండా నిలబడ్డారు. ఇరవై వేలమంది వాళ్ళ వెనుకనుంచి ఉప్పెనలా వచ్చి పడ్డారు. తోడేలు తోళ్ళ సైన్యం నీళ్ళలోనే నలిగిపోయింది. పారిపోయినవాళ్ళకు అవతలి గట్టున గుర్రపుదళం ఎదురైంది. తామ్రవతి శవాలతో అడ్డుకట్టలు పడి పక్క పొలాల్లోకి పొంగింది.

నగారా ఆగింది. సింగన కర్రలు వదలకుండానే దాని మీద బోర్లా వాలిపోయాడు.

నాగసాని మాదన వైపు తిరిగింది.

"నీ పేరు?"

"మాదన. రేవు దగ్గర శతనాయకుణ్ణి. ఇవాళ కాసేపు వెయ్యిమందికి నాయకుణ్ణి."

"చోటు వదిలావు. ఆజ్ఞ లేకుండా మహానగారా ముట్టావు. నువ్వు మోగించింది నిజమే అయినా, రేపు ఇంకొకడు అబద్ధం మోగిస్తాడు. అందుకని శాసనం మారదు. రెండు నేరాలకూ శిక్ష ఒకటే."

"తెలుసమ్మా" అన్నాడు మాదన తల ఎత్తి.

"యుద్ధం ముగిశాక నీ తల తెచ్చి నాకు అప్పగించు. అంతవరకు దాన్ని నీ భుజాల మీదే ఉంచుకో. పని ఉంది." ఆమె ఈటె మొనతో గండి వైపు చూపింది. "ఆ గూబకు సొంత దేహం అక్కడే ఎక్కడో దాచి ఉంటుంది. అది దాంట్లో చేరితే రేపు నా దేహం అడుగుతుంది, ఎల్లుండి మహారాజుది. పదిమందిని తీసుకుని పో. అది చేరేలోగా చేరు."

మాదన తొడగాయానికి గుడ్డ చుట్టుకుని, పదిమంది బల్లెగాళ్ళతో గండిలోకి దూకాడు. లోపల నరకం. నూనె మంటల్లో మాడిన మూడువేలమంది గోడలకు ఆనుకుని నిలువునా చచ్చి ఉన్నారు. పడిపోవడానికి చోటు లేదు. వాళ్ళ భుజాల మధ్యనుంచి దారి చేసుకుంటూ పరుగెత్తారు. పైనుంచి బండలు దొర్లాయి. పదిమందిలో నలుగురు వాటికింద నజ్జునజ్జయ్యారు. మరో ముగ్గురి మీద నూనె కుండలు పగిలాయి. ముందు, పొగలో, గుడ్లగూబ గోడలకు తగులుకుంటూ ఎగురుతూనే ఉంది. ఉన్నట్టుండి అది ఒక గుహలోకి దూరింది.

మాదన కూడా దూరాడు. గుహ నడుమ ఎముకల పీట మీద ఒక మనిషి పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా పాముల్లా వేలాడుతున్న జడలు. తెరిచి ఉన్న నోరు. ఊపిరి లేదు. గుడ్లగూబ ఆ నోటి వైపు దూకింది. మాదన గొడ్డలి విసిరాడు.

జానెడు ఆలస్యం. పక్షి లోపలికి జారింది, కళ్ళు తెరుచుకున్నాయి, అప్పుడు గొడ్డలి వచ్చి ఎడమ భుజంలో దిగింది. ఘూకాక్షుడు బొబ్బ పెట్టాడు. ఈసారి నెత్తురు చిమ్మింది, ఎర్రగా, వేడిగా.

"కమ్మరి కుక్కా! మరకతగిరిలో నీ పేరు తలుచుకునేవాడు ఉండడు!" అంటూ వాడు గుప్పెడు బూడిద నేలకు కొట్టాడు.

గుహ నేల పెటపెటా పగిలి నోరు తెరిచింది. అడుగున ఎక్కడో నల్లటి నీళ్ళ హోరు. మాంత్రికుడు గాలిలోకి లేవబోతున్నాడు. మాదన ఉన్న బలమంతా కూడదీసుకుని ఎగిరి, వాడి జడలు రెండు చేతులా దొరకబుచ్చుకుని మణికట్లకు మెలివేసుకున్నాడు. ఇద్దరి బరువుకూ మంత్రం తెగింది. గుహ అంచు, బల్లెగాళ్ళ మొహాలు, పైనున్న సన్నటి ఆకాశపు చీలిక గిర్రున తిరిగి దూరమైపోయాయి.

ఘూకాక్షుడు గోళ్ళతో మాదన మొహం చీరుతున్నాడు, మోకాళ్ళతో పొడుస్తున్నాడు, పళ్ళతో చెవి కరిచి పట్టుకున్నాడు. ఆ హోరులోకి తలకిందులుగా పడిపోతూనే మాదన జడలను మరో చుట్టు బిగించాడు.